తుప్పు తినేసిన బ్రేకు గొట్టం

"బ్రేకులు ఫెయిలవడంతో వాహనం అదుపు తప్పింది." ఈ వాక్యాన్ని మీరు దినపత్రికల్లో ఎన్నోసార్లు చదివి ఉంటారు. చదివి, అయ్యో అనుకుని, పేజీ తిప్పేసి ఉంటారు. కానీ ఒక్క ప్రశ్న వేసుకుని చూడండి. బ్రేకుల్లో ఫెయిలైంది ఏమిటి? పెడలా, చక్రంలోని బ్రేకు లైనింగా, లేక ఆ రెండింటి మధ్య ఉన్న మరేదైనానా? నిన్న సాయంత్రం దాకా బాగా పనిచేసిన బ్రేకు ఈ రోజు ఉదయం హఠాత్తుగా ఎందుకు పనిచేయకుండా పోయింది?

దీనికి జవాబులు చాలా ఉన్నాయి. పొడుగాటి ఘాట్ రోడ్డులో బ్రేకులు విపరీతంగా వేడెక్కి పట్టు కోల్పోవచ్చు. రబ్బరు వాషర్లు అరిగిపోవచ్చు. బ్రేకు ఆయిల్‌లో నీరు చేరి, వేడికి ఆవిరి బుడగలు ఏర్పడవచ్చు. పాతబడిన పికప్ వ్యాన్ల విషయంలో మాత్రం ఎవరి కంటా పడని మరో కారణం ఉంది. అది పెన్సిలు కన్నా సన్నని ఒక ఉక్కు గొట్టం, దాన్ని బయట నుంచి మెల్లమెల్లగా కొరికే తుప్పు. ఈ వ్యాసంలో ఆ గొట్టం చరిత్ర, ఆ తుప్పు చరిత్ర రెండూ తెలుసుకుందాం. ఆ రెండు చరిత్రలూ కలిసే ఊరు ఒకటి మన దేశంలోనే ఉంది. ముందు అక్కడికి వెళ్దాం.

ఉక్కు పట్నం

ఆ ఊరు జంషెడ్‌పూర్. రైల్వే స్టేషను పేరును బట్టి మనవాళ్ళు టాటానగర్ అంటారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఉపాధి వెతుక్కుంటూ ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడికి వెళ్ళి తరతరాలుగా స్థిరపడ్డాయి. మీ బంధువుల్లో ఎవరో ఒకరు అక్కడ ఉన్నా ఆశ్చర్యం లేదు.

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట సాక్చి అనే పల్లె ఉండేది. 1907లో ఏర్పడిన టాటా ఇనుము ఉక్కు కంపెనీ అక్కడ కర్మాగారం కట్టి 1912లో ఉక్కు తీసింది. 1919లో ఆ ఊరికి జంషెట్‌జీ టాటా పేరు మీద జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. అప్పట్లో బీహారులో భాగమైన ఈ పట్నం, 2000 సంవత్సరం నవంబరులో ఏర్పడిన జార్ఖండ్ రాష్ట్రంలోకి వచ్చింది.

ఉక్కు వెంటే ఉక్కుతో చేసే వస్తువులూ వచ్చాయి. 1920లో టిన్‌ప్లేట్ కంపెనీ ఏర్పడింది. పల్చని ఉక్కు రేకుకు తగరం పూత పూసి, నూనె డబ్బాలకూ ఆహారం నిల్వచేసే డబ్బాలకూ కావలసిన రేకును తయారుచేయడం దాని పని. 1945లో టెల్కో మొదలైంది. మొదట రైలింజన్లు తయారుచేసిన ఆ సంస్థ, జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్ సహకారంతో 1954 నుంచి లారీలు తయారుచేయసాగింది. మన రోడ్ల మీద "టాటా బెంజ్ లారీ" అనే మాట అలా పుట్టింది. ఆ ఒప్పందం 1969లో ముగిసినా, చాలామంది నోట ఆ పేరు అలాగే నిలిచిపోయింది. 1950ల దశకంలో ఉక్కు గొట్టాల కర్మాగారం కూడా అక్కడ వెలిసింది.

ఇంత ఉక్కు తయారయ్యే చోట, ఆ ఉక్కును తినే శత్రువు గురించి ఆలోచించేవారు కూడా ఉండాలి కదా! జాతీయ లోహశాస్త్ర పరిశోధనాశాలకు 1946లో రాజగోపాలాచారి జంషెడ్‌పూర్‌లో పునాదిరాయి వేశారు. 1950 నవంబరు 26న ప్రధాని నెహ్రూ దాన్ని ప్రారంభించారు. ఆ పరిశోధనాశాల పట్టించుకున్న ముఖ్య విషయాల్లో లోహక్షయం ఒకటి. అంటే ఉక్కు తయారీ, గొట్టం తయారీ, లారీ తయారీ, తుప్పు మీద పరిశోధన ఒకే ఊళ్ళో సాగాయి. మన కథకు కావలసిన పాత్రలన్నీ అక్కడే ఉన్నాయన్న మాట.

కడ్డీల నుంచి నూనె దాకా

మోటారు వాహనాల తొలిరోజుల్లో బ్రేకు అంటే కడ్డీలు, తీగలు, మీటలు. పెడల్ తొక్కితే ఒక కడ్డీ కదిలి, అది మరో తీగను లాగి, ఆ తీగ చక్రం దగ్గరి పట్టీని బిగించేది. ఇందులో పెద్ద చిక్కు ఒకటుంది. నాలుగు చక్రాలకు వెళ్ళే నాలుగు తీగలూ ఒకే బిగువుతో ఉండాలి. ఒకటి కాస్త వదులైనా బండి ఒక పక్కకు లాగేస్తుంది. అందుకే చాలాకాలం వెనక చక్రాలకు మాత్రమే బ్రేకులు ఉండేవి.

దీనికి పరిష్కారం మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట పీడనం పెంచితే, ఆ పెరుగుదల ద్రవమంతటా సమానంగా వ్యాపిస్తుందని ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ 17వ శతాబ్దంలో చెప్పాడు. 1795లో ఇంగ్లండులో బ్రామా ఈ సూత్రంతో పీడన యంత్రం చేశాడు. అదే సూత్రాన్ని బ్రేకుకు పెట్టినవాడు అమెరికాకు చెందిన మాల్కం లాకీడ్. 1917లో ఆయన పేటెంటు పొందాడు. విమానాల కంపెనీతో పేరు తెచ్చుకున్న ఆలన్ లాకీడ్ ఈయన తమ్ముడే. 1921లో డ్యూసెన్‌బర్గ్ అనే ఖరీదైన కారుకు నాలుగు చక్రాలకూ ఈ ద్రవ బ్రేకులు అమర్చారు. 1924లో క్రైస్లర్ వాటిని మామూలు కార్లకు తెచ్చింది. ఫోర్డు మాత్రం ఈ పద్ధతికి మారడానికి 1939 దాకా ఆగింది.

ఈ బ్రేకు పనిచేసే తీరు సులభం. మీరు పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ ముందుకు జరిగి ద్రవాన్ని నొక్కుతుంది. ఆ పీడనం సన్నని గొట్టాల గుండా ప్రతి చక్రం దగ్గరి సిలిండర్‌కూ చేరుతుంది. అక్కడి పిస్టన్లు బ్రేకు పట్టీలను చక్రానికి అదుముతాయి. అన్ని చక్రాలకూ ఒకే పీడనం! తీగల బిగువు సరిచూసే గొడవ లేదు.

కానీ ఇక్కడొక కొత్త ప్రమాదం కూడా పుట్టింది. తీగల బ్రేకులో ఒక చక్రం తీగ తెగితే ఆ ఒక్క చక్రమే పోయేది. ద్రవ బ్రేకులో గొట్టం ఎక్కడ చిల్లుపడినా ద్రవమంతా అక్కడి నుంచే బయటికి పోతుంది. పీడనం అన్ని చక్రాలకూ సమానంగా అందినట్టే, నష్టమూ అన్నిటికీ సమానంగా అందుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు జీపుల్లో నాలుగు చక్రాలకూ ద్రవం ఒకే మార్గంలో వెళ్ళేది. ఒక్క చిల్లు పడితే చాలు, పెడల్ నేలకు తగిలేది.

గొట్టం పుట్టుక

మరి ఆ గొట్టాన్ని దేనితో చేయాలి? రాగి మెత్తగా వంగుతుంది, తుప్పు పట్టదు. కానీ బండి కదులుతున్నప్పుడు కలిగే నిరంతర ప్రకంపనలకు రాగి గట్టిపడి, చివరికి బీటలు వారుతుంది. లోహాలకు కలిగే ఈ అలసట వల్ల రాగి నమ్మదగినది కాకుండా పోయింది.

1920ల దశకంలో అమెరికాలోని బండీ కంపెనీ ఒక చక్కని ఉపాయం కనిపెట్టింది. పల్చని ఉక్కు పట్టీకి రాగి పూత పూసి, దాన్ని చాపను చుట్టినట్టు రెండు చుట్లు చుట్టి గొట్టంలా చేస్తారు. తరువాత కొలిమిలో వేడిచేస్తే రాగి కరిగి రెండు పొరలనూ అతుకుతుంది. ఉక్కు బలం, రెండు పొరల భద్రత, తక్కువ ధర. ఈ రెండు పొరల గొట్టమే లోకమంతా వ్యాపించింది. సాధారణంగా దాని బయటి వ్యాసం 4.75 మిల్లీమీటర్లు. గోడ మందం సుమారు 0.7 మిల్లీమీటర్లు, అంటే మీ గోరు మందానికి కాస్త ఎక్కువ. ఆ మందం మీదే బండి బరువు, సరుకు బరువు, మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి.

బయటి తుప్పు నుంచి కాపాడటానికి ఈ గొట్టాలకు చాలాకాలం సీసం, తగరం కలిసిన పూత పూసేవారు. ఇక్కడ మనం జంషెడ్‌పూర్ టిన్‌ప్లేట్‌ను గుర్తు చేసుకోవాలి. తగరం పూత చెక్కుచెదరకుండా ఉన్నంత కాలం ఉక్కును గాలికీ నీటికీ అందకుండా దాచిపెడుతుంది. కానీ దాని మీద గీత పడిందంటే కథ తిరగబడుతుంది. తగరం కన్నా ఇనుము చురుకైన లోహం కాబట్టి గీత పడిన చోట ఇనుమే ముందుగా క్షయిస్తుంది. సొట్టపడిన నూనె డబ్బా ఆ సొట్ట దగ్గరే ఎర్రబడటం మీరు చూసే ఉంటారు. జింకు అలా కాదు. అది ఇనుము కన్నా చురుకైనది. గీత పడినా తాను ముందు కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. 1837లో ఫ్రాన్సులో సోరెల్ పేటెంటు పొందిన గాల్వనైజింగ్ రహస్యం ఇదే.

పికప్ వ్యాను అడుగుభాగం గురించి ఇప్పుడు ఆలోచించండి. వెనక చక్రాలకు వెళ్ళే గొట్టం ఛాసిస్ పొడవునా సాగుతుంది. దాన్ని అక్కడక్కడ క్లిప్పులతో బిగిస్తారు. ముందు చక్రాలు ఎగరగొట్టే కంకర తగిలి పూత లేచిపోతుంది. క్లిప్పు కింద బురద చేరి వారాల తరబడి తడిగా ఉంటుంది. అసలు శత్రువు చేరేది అక్కడే.

తుప్పు ఎందుకు పడుతుంది?

ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు పడుతుందని మీకు తెలుసు. కానీ తుప్పు అన్ని చోట్లా సమానంగా ఎందుకు పట్టదు? పక్కనే ఉన్న భాగం నిగనిగలాడుతుంటే ఒకచోట మాత్రం గుంట ఎందుకు పడుతుంది?

దీనికి చక్కని జవాబు చెప్పినవాడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన యులిక్ ఎవాన్స్. ఆయన 1920లలో చేసిన ప్రయోగాన్ని మీరు మీ సైన్సు మాస్టారి సహాయంతో చేయవచ్చు. గరుకు కాగితంతో రుద్ది శుభ్రం చేసిన ఉక్కు రేకు తీసుకోండి. ఉప్పు నీటిలో కొద్దిగా ఫినాఫ్తలీన్, కొద్దిగా పొటాషియం ఫెర్రిసైనైడ్ కలపండి. ఆ ద్రావణం చుక్కను రేకు మీద వేసి కొంతసేపు కదలకుండా ఉంచండి. మెల్లగా చుక్క అంచున గులాబీ రంగు, మధ్యలో నీలం రంగు కనిపిస్తాయి. ఇనుము కరుగుతున్న చోటు నీలంగా మారుతుంది. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను స్వీకరించి క్షారం ఏర్పడే చోటు గులాబీగా మారుతుంది.

దీని అర్థం ఏమిటి? చుక్క అంచున నీటిపొర పల్చన. గాలిలోని ఆక్సిజన్ అక్కడికి తేలికగా చేరుతుంది. మధ్యలో నీరు లోతు. ఆక్సిజన్ తక్కువ. ఆక్సిజన్ తక్కువగా ఉన్న చోటు ఆనోడ్‌గా మారి కరుగుతుంది, ఎక్కువ ఉన్న చోటు కాథోడ్ అవుతుంది. చిన్న చుక్కలో ఒక విద్యుత్ ఘటమే ఏర్పడిందన్న మాట! మామూలుగా గాలి తగిలే చోట తుప్పు ఎక్కువని మనం అనుకుంటాం. నిజానికి గాలి అందని మూలలోనే ఇనుము ఎక్కువగా కరుగుతుంది. బ్రేకు గొట్టం మీది క్లిప్పు కింద, బురద పెళ్ళ కింద జరిగేది సరిగ్గా ఇదే. బయటికి కనిపించే గొట్టం బాగుంటుంది, కనిపించని చోట గుంట లోతవుతూ ఉంటుంది.

గాలిలో తేమ కూడా ముఖ్యమే. 1930ల దశకంలో ఇంగ్లండులో వెర్నన్ అనే శాస్త్రవేత్త, గాలి సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతం దాటినప్పుడే తుప్పు వేగం పుంజుకుంటుందని చూపించాడు. బొగ్గు మండితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ ఉంటే ఆ వేగం మరీ పెరుగుతుంది. ఉప్పు అంతకన్నా చెడ్డది. అది గాలిలోని తేమను పీల్చుకుని లోహాన్ని ఎప్పుడూ చెమ్మగా ఉంచుతుంది.

ఢిల్లీలోని ఇనుప స్తంభం ఈ సందర్భంలో గుర్తుకు రావాలి. గుప్తుల కాలానికి చెందిన ఆ స్తంభం దాదాపు 1600 ఏళ్ళుగా నిలిచి ఉంది. 1960ల తొలి సంవత్సరాల్లో జంషెడ్‌పూర్ పరిశోధనాశాల శాస్త్రవేత్తలు దాన్ని పరిశీలించి, 1963లో తమ పత్రికలో వ్యాసాలు ప్రచురించారు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండటం, ఢిల్లీ గాలి ఏడాదిలో ఎక్కువ కాలం పొడిగా ఉండటం మేలు చేశాయి. తరువాత కాన్పూరు ఐఐటీకి చెందిన బాలసుబ్రమణ్యం, భాస్వరం సాయంతో స్తంభం మీద ఒక రక్షక పొర ఏర్పడిందని వివరించారు. అయితే అదే స్తంభం నేలలో పూడిన భాగానికి తుప్పు పట్టింది! ఇనుము అదే, తయారీ అదే. తేడా అల్లా తడి మట్టి. మన పికప్ వ్యాను కింద ఉన్నదీ తడి మట్టే.

నిన్నటి దాకా బాగానే ఉంది!

ఇప్పుడు ఈ వ్యాసంలోని అసలు విషయానికి వద్దాం. తుప్పు పట్టిన గొట్టం ముందుగా ఎందుకు హెచ్చరించదు? చిన్న లెక్క చేసి చూద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

గొట్టంలో పీడనం ఉన్నప్పుడు దాని గోడ మీద పడే ప్రతిబలం కనుక్కోవాలంటే, పీడనాన్ని లోపలి వ్యాసార్థంతో గుణించి గోడ మందంతో భాగించాలి. లోపలి వ్యాసార్థం సుమారు 1.7 మిల్లీమీటర్లు. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు గొట్టంలో పీడనం సుమారు 10 మెగాపాస్కల్‌లు ఉంటుందనుకుందాం. అంటే మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనానికి వంద రెట్లు. కొత్త గొట్టం గోడ 0.7 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే ప్రతిబలం సుమారు 24 మెగాపాస్కల్‌లు. ఇలాంటి మెత్తటి ఉక్కు సుమారు 200 దగ్గర సాగడం మొదలుపెట్టి, 300 దాటితే చిరుగుతుంది. అంటే కొత్త గొట్టానికి కావలసినదాని కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ బలం ఉంది.

తుప్పు గోడలో సగం తినేసిందనుకోండి. ప్రతిబలం 48కి చేరుతుంది. ఏ ఇబ్బందీ లేదు. తొమ్మిది వంతులు తినేసి ఒక్క వంతు మాత్రమే మిగిల్చిందనుకోండి. గోడ 0.07 మిల్లీమీటర్లు. ఇప్పుడు గట్టిగా తొక్కితే ప్రతిబలం సుమారు 243! ఉక్కు లొంగిపోయే హద్దు దాటింది. కానీ మామూలుగా మెల్లగా తొక్కినప్పుడు పీడనం 2 మెగాపాస్కల్‌లే అనుకుంటే, అదే గోడ మీద ప్రతిబలం సుమారు 49 మాత్రమే. ఉక్కు హాయిగా తట్టుకుంటుంది.

ఈ అంకెలు ఏం చెబుతున్నాయో గమనించారా? గోడలో తొమ్మిది వంతులు పోయినా, రోజూ ఊళ్ళో తిరిగే డ్రైవరుకు తేడా ఏమీ తెలియదు. కూడలి దగ్గర బండి ఆగుతుంది, దుకాణం ముందు ఆగుతుంది. ఒక రోజు ఎదురుగా పిల్లవాడు పరుగెత్తుకొస్తాడు. డ్రైవరు బలమంతా పెట్టి పెడల్ తొక్కుతాడు. గొట్టం సరిగ్గా అప్పుడే చిరుగుతుంది. బ్రేకు అవసరం ఎంత ఎక్కువో, అది తెగే అవకాశం అంత ఎక్కువ. ఇది దురదృష్టం కాదు, విధిరాత కాదు. సాదా గణితం. "నిన్నటి దాకా బాగానే ఉంది సార్" అనే మాట అబద్ధం కాదు గానీ, ఆ మాట దేనికీ రుజువు కాదు.

తెగినా ఆగేలా చేయడం

ఇంజనీర్లు ఈ ప్రమాదాన్ని ఎదుర్కొన్న మార్గాల్లో మొదటిది, గొట్టం తెగినా బండి ఆగేలా చేయడం. ఈ ఆలోచన మొదట రైళ్ళలో వచ్చింది. అమెరికాకు చెందిన వెస్టింగ్‌హౌస్ 1869లో గాలి బ్రేకుకు పేటెంటు పొందాడు. అందులో గొట్టంలోకి గాలి పంపితే బ్రేకు పడేది. గొట్టం తెగితే బ్రేకు లేనట్టే. 1872లో ఆయన దాన్ని తలకిందులు చేశాడు. గొట్టంలో గాలి పీడనం ఉన్నంతసేపు బ్రేకులు వదులుగా ఉంటాయి. పీడనం పోతే బ్రేకులు పడతాయి. పెట్టెలు విడిపోయినా, గొట్టం తెగినా రైలు తనంతట తానే ఆగిపోతుంది. లోపం జరిగితే భద్రత వైపు జరగాలన్నది ఇందులోని గొప్ప సూత్రం. ఇప్పటి భారీ లారీల్లో కూడా వెనక చక్రాల దగ్గర బలమైన స్ప్రింగులు ఉంటాయి. గాలి పీడనమే వాటిని వెనక్కి పట్టి ఉంచుతుంది. గాలి పోతే స్ప్రింగు బ్రేకును బిగిస్తుంది.

చిన్న పికప్ వ్యాన్లలోని ద్రవ బ్రేకులకు ఈ వరం లేదు. వాటి కోసం మరో ఉపాయం వచ్చింది. ద్రవాన్ని రెండు వేరు వేరు మార్గాల్లో పంపడం. ఒకటి పోతే రెండోది మిగులుతుంది. అమెరికాలో 1968 నుంచి కార్లకు ఇది తప్పనిసరి అయింది. తరువాత ప్రపంచమంతా వ్యాపించింది. అయితే రెండో మార్గం మిగిలినా బ్రేకు బలం బాగా తగ్గుతుంది, పెడల్ చాలా లోతుకు పోతుంది. పైగా రెండు మార్గాల గొట్టాలూ ఒకే వయసువి, ఒకే బురదలో తిరిగినవి. ఒకటి పోయిందంటే రెండోది కూడా బలహీనంగానే ఉండవచ్చు.

తుప్పే పట్టకుండా చేయడం

రెండో మార్గం పదార్థాన్ని మార్చడం. సముద్రపు నీరు ప్రవహించే ఓడల గొట్టాల్లో వాడే మిశ్రలోహం ఒకటుంది. 90 శాతం రాగి, 10 శాతం నికెల్. రాగిలా వంగుతుంది, రాగి కన్నా బలంగా ఉంటుంది, ఉప్పుకు లొంగదు. స్వీడన్‌కు చెందిన వోల్వో 1976 నుంచి దీన్ని బ్రేకు గొట్టాలకు వాడింది. ధర ఎక్కువ కావడంతో చాలామంది తయారీదారులు ఉక్కు గొట్టాన్నే ఉంచి, దానికి జింకు, అల్యూమినియం పూతలూ వాటి పైన ప్లాస్టిక్ పొరలూ వేయడం మొదలుపెట్టారు. ఇవి గొట్టం ఆయుష్షును చాలా పెంచాయి. కానీ పూత అంటే గడువు. ఏదో ఒక రోజు గీత పడుతుంది.

చలి దేశాల్లో ఈ సమస్య తీవ్రం. రోడ్డు మీద మంచు కరగడానికి అక్కడ ఉప్పు చల్లుతారు. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం 1938లోనే ఈ పద్ధతి మొదలుపెట్టింది. రోడ్లు భద్రమయ్యాయి. ఆ ఉప్పు నీరే బండ్ల కిందికి చేరింది. జనరల్ మోటార్స్ 1999 నుంచి 2003 దాకా తయారుచేసిన పికప్‌లు, అదే కోవకు చెందిన పెద్ద వాహనాల్లో బ్రేకు గొట్టాలు తుప్పు పట్టి తెగుతున్నాయని 2010లో అక్కడి ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థకు ఫిర్యాదు అందింది. సుమారు 50 లక్షల వాహనాలకు సంబంధించిన ఆ పరిశీలన 2015 ఏప్రిల్‌లో ముగిసింది. ఇది తయారీ లోపం కాదు, వయసుతో వచ్చే అరుగుదల, ఇతర కంపెనీల పాత బండ్లలోనూ ఇదే ఉంది అని ఆ సంస్థ తేల్చింది. వాహనాల అడుగుభాగం కడుక్కోవాలనీ, గొట్టాలను తరచు పరీక్ష చేయించుకోవాలనీ, తుప్పు కనిపిస్తే మార్పించుకోవాలనీ యజమానులకు సలహా ఇచ్చింది.

ఆ తీర్పు న్యాయమా కాదా అని మీరు వాదించుకోవచ్చు. గొట్టానికి ఇంకా మంచి లోహం వాడి ఉండవచ్చు కదా అని అడగవచ్చు. కానీ దాని ఫలితం మాత్రం స్పష్టం. బండి పాతబడ్డాక గొట్టం బాధ్యత తయారుచేసినవాడి చేతిలోంచి నడిపేవాడి చేతిలోకి వచ్చేసింది.

మన దగ్గర ఎలా?

మనం రోడ్ల మీద ఉప్పు చల్లం. అంతమాత్రాన మనకు భయం లేదనుకోకూడదు. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపట్నాల గాలిలోనే ఉప్పు ఉంది. చేపలు, రొయ్యలు మోసే వ్యాన్ల నుంచి కరిగిన ఐసు నీరు అడుగుభాగం మీద కారుతూ ఉంటుంది. ఎరువుల బస్తాల నుంచి రాలిన పొడి తేమను పీల్చుకుంటుంది. జంషెడ్‌పూర్ సముద్రానికి దూరంగా ఉన్నా, నాలుగు నెలల వానలూ, బొగ్గు మండించే పరిశ్రమల గాలీ, గనుల వైపు వెళ్ళే బురద దారులూ తమ పని తాము చేస్తాయి. పైగా మన దగ్గర పికప్ వ్యాను ఒక యజమానితో ఆగదు. రెండో చేయి, మూడో చేయి మారుతూ, మోయవలసిన దాని కన్నా ఎక్కువ బరువు మోస్తూ ఏళ్ళ తరబడి తిరుగుతుంది. బరువు పెరిగితే పెడల్ గట్టిగా తొక్కాలి. పాత గొట్టం మీద ఎక్కువ పీడనం పడుతుంది.

సరుకు రవాణా వాహనాలకు చట్టం ప్రకారం ఎప్పటికప్పుడు ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకొకసారి, ఆ తరువాత ఏటా అని 2018లో నియమం మార్చారు. 2021లో పాత వాహనాలను తుక్కు కింద మార్చే విధానం వచ్చింది. యంత్రాలతో పరీక్షించే కేంద్రాలూ వస్తున్నాయి. అక్కడ చక్రాలను రోలర్ల మీద ఉంచి ప్రతి చక్రం దగ్గరా బ్రేకు బలం కొలుస్తారు. ఇది మంచి పరీక్షే. కానీ మనం చేసిన లెక్క గుర్తు తెచ్చుకోండి. ఒక్క వంతు గోడ మిగిలిన గొట్టం కూడా పరీక్ష రోజున ఆ పీడనాన్ని తట్టుకుంటే బండి పాసవుతుంది. కాబట్టి యంత్రంతో పాటు మనిషి కన్ను కూడా బండి కిందికి వెళ్ళాలి.

చేయవలసినవి ఖర్చుతో కూడినవి కావు. వానాకాలంలోనూ, తీరప్రాంతంలో తిరిగాకా బండి అడుగుభాగాన్ని మంచినీటితో కడగాలి. షెడ్డుకు వెళ్ళినప్పుడు క్లిప్పులు తీయించి వాటి కింద గొట్టం ఎలా ఉందో చూడాలి. పొలుసులు లేచినా, గుంటలు కనిపించినా ఆ గొట్టం మార్చాలి. బ్రేకు ఆయిల్ మట్టం మామూలు కన్నా త్వరగా తగ్గితే పోసి ఊరుకోకూడదు, ఎక్కడికి పోయిందో వెతకాలి. బండిని చదునైన చోట నిలిపి, ఇంజను నడుస్తుండగా పెడల్‌ను అర నిమిషం పాటు గట్టిగా తొక్కి పట్టాలి. పెడల్ మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో కారుతున్నట్టే. గొట్టం అప్పుడే పగిలినా విచారించనక్కరలేదు. పగిలేదేదో షెడ్డులోనే పగలనివ్వండి!

తెగిన గొట్టాన్ని రబ్బరు ట్యూబుతో కలపడం, ఒక చక్రానికి వెళ్ళే దారిని సుత్తితో నొక్కి మూసేయడం, ఫ్రిజ్‌లో వాడే రాగి గొట్టం వేయడం వంటి చిట్కాలు కొందరు చేస్తుంటారు. వంద వాతావరణాల పీడనాన్ని రబ్బరు ట్యూబు ఆపలేదు. రాగి ఎందుకు పనికిరాదో పైన చదివారు. ఒక చక్రానికి బ్రేకు లేకపోతే బండి పక్కకు లాగుతుంది. నడిచేటప్పుడు బ్రేకు పోతే మాత్రం భయపడి ఇంజను ఆపవద్దని డ్రైవర్లకు చెప్పాలి. పెడల్‌ను వేగంగా పదేపదే తొక్కాలి. గేరు తగ్గిస్తూ రావాలి. చేతి బ్రేకును మెల్లమెల్లగా లాగాలి. పికప్‌లలో సాధారణంగా అది తీగతో పనిచేస్తుంది కాబట్టి ద్రవం పోయినా కొంత ఆదుకుంటుంది. వందేళ్ళ కిందట ద్రవం ముందు ఓడిపోయిన తీగే కష్టకాలంలో అక్కరకు వస్తుందన్న మాట.

పాస్కల్ సూత్రం, లోహక్షయం, ప్రతిబలం. ఈ మూడూ మీ పాఠ్యపుస్తకాల్లో మూడు వేరు వేరు అధ్యాయాలుగా ఉంటాయి. పాత పికప్ వ్యాను కింద మాత్రం మూడూ ఒకే గొట్టంలో కలుస్తాయి. మీ వీధిలో పాలో, కూరగాయలో, గ్యాసు బండలో తెచ్చే బండి ఒకటి ఉండే ఉంటుంది. ఆ డ్రైవరు అన్నకు ఈ లెక్క చెప్పండి. క్లిప్పుల కింద ఎప్పుడైనా చూశారా అని అడగండి. ఆయన ఒక్కసారి బండి కిందికి వంగి చూస్తే, మీరు నేర్చుకున్న సైన్సు పరీక్ష పేపరు దాటి రోడ్డు మీదికి వచ్చినట్టే.